మేస్త్రీ మంచోడేం కాదండీ, మజా అక్కడే ఉంది

ఎడిటర్ గారికి నమస్కారం.

జపాన్ మాంగాల (అక్కడి బొమ్మల కథల) మీద మీ పేపర్లో వచ్చిన వ్యాసం చదివాను, దానికి జవాబుగా ఒకావిడ రాసిన ఉత్తరం కూడా చదివాను. వ్యాసం రాసినాయన "హంచో" (అంటే మేస్త్రీ) అనే మాంగా గురించి చెప్తూ, బొద్దుగా నవ్వుమొహంతో ఉండే ఒక పెద్దాయన సెలవు దొరికినప్పుడల్లా బయట తిరిగి హాయిగా తినే కథ, మనసుకి ప్రశాంతంగా ఉంటుంది అన్నారు. ఆవిడేమో అప్పుల్లో మునిగి భూమి కింద వెట్టిచాకిరీ చేసేవాళ్ళని పెట్టుకుని తిండి మీద కామెడీ ఏంటి, ఇదేం అభిరుచి అని గట్టిగానే తగులుకున్నారు. ఇద్దరూ చెప్పినదాంట్లో కొంత నిజం ఉంది, కాదనను. కానీ ఆ మేస్త్రీ ఎలాంటోడో ఇద్దరూ చెప్పలేదు, అది చెప్పకపోతే ఈ మాంగా ఎందుకు నవ్విస్తుందో అర్థం కాదు, అందుకే ఈ ఉత్తరం. కొంచెం పొడుగైంది, కత్తెర వేస్తే చివర్నుంచి వేయండి, లెక్కలు మాత్రం ఉంచండి.

ముందు, "హంచో" ఏ మాంగాలోంచి పుట్టిందో ఆ అసలు కథ. నొబుయుకి ఫుకుమోతో "కైజి" మాంగా 1996లో కోదాన్షా వాళ్ళ వీక్లీ యంగ్ మ్యాగజైన్‌లో మొదలైంది. అప్పటికి జపాన్‌లో రియల్ ఎస్టేట్ బుడగ పేలి నాలుగైదేళ్ళు అయింది, అప్పులిచ్చే కంపెనీలు మాత్రం జోరు మీదున్నాయి. కైజి అనే పనీపాటా లేని కుర్రాడు తోటి వర్కర్ అప్పుకి హామీ సంతకం పెడతాడు, వాడు ఉడాయిస్తాడు, 3 లక్షల యెన్ల అప్పు వడ్డీలతో 38.5 లక్షలై వీడి మెడకి చుట్టుకుంటుంది. ఇది మరీ కార్టూన్ లెక్కలా ఉందే అనుకునేవాళ్ళకి ఒక మాట, ఆ రోజుల్లో అక్కడ ఏడాది వడ్డీ 40.004 శాతం దాటితేగానీ క్రిమినల్ కేసు అయ్యేది కాదు, 2000లో దాన్ని 29.2కి దించారు, ఇప్పుడున్న 20 శాతం పరిమితి 2006లో చట్టం మారిస్తే 2010లో పూర్తిగా అమల్లోకి వచ్చింది. అంటే అప్పు బాధ కల్పన కాదు, దాని చివర పెట్టిన పాతాళం మాత్రం కల్పన. తెయ్‌ఐ అనే కంపెనీ, దాని ముసలి ఛైర్మన్, ఆయన కోసం భూమి కింద కడుతున్న ఓ రాజ్యం, అప్పు కట్టలేనివాళ్ళంతా అక్కడ ఏళ్ళ తరబడి తవ్వుతుంటారు. జైలు అనకండి దయచేసి (ఆవిడ ఉత్తరంలో రెండుమూడు చోట్ల జైలు అన్నారు), అక్కడ కోర్టూ లేదు శిక్షా లేదు, కంపెనీయే అన్నీ.

ఇప్పుడు లెక్కలు, ఎందుకంటే ఈ కథలో కామెడీ అంతా లెక్కల్లోంచే పుడుతుంది. పాతాళంలో యెన్లు చెల్లవు, పెరికా అని వాళ్ళ సొంత నోటు, 10 పెరికాలు పెడితే 1 యెన్. రోజుకూలి 3,500 పెరికాలు, నెల జీతం 91,000, అంటే ఒళ్ళు హూనమయ్యేలా నెలంతా తవ్వితే చేతికొచ్చేది 9,100 యెన్లు. 24 గంటలు బయటికెళ్ళి రావడానికి ఒక టికెట్ ఉంటుంది, దాని ధర 5 లక్షల పెరికాలు. ఒక్క పెరికా కూడా ముట్టకుండా దాస్తే అయిదున్నర నెలల జీతం. ఇంకేం, ఆరు నెలలు నోరు కట్టుకుంటే అయిపోతుందిగా అనిపిస్తుంది, అక్కడే మేస్త్రీ కూర్చుని ఉంటాడు మరి.

మేస్త్రీ పేరు ఓత్సుకి. తను కూడా అప్పులోడే, పైనుంచి వచ్చిన ఆఫీసర్ కాదు, కానీ ఒక గ్యాంగుకి పెద్ద. సాయంత్రం పని దిగాక సరుకులు అమ్ముతాడు, చల్లటి బీరు, చిప్స్, కాల్చిన మాంసం పుల్లలు. 135 మిల్లీలీటర్ల బుల్లి బీరు డబ్బా 5,000 పెరికాలు, అంటే నాలుగు గుటకల కోసం ఒకటిన్నర రోజు చాకిరీ. కైజి కొత్తగా వచ్చినప్పుడు మొదటి బీరు ఓత్సుకి ఊరికే ఇస్తాడు, స్వాగతం అన్నట్టు. కైజి తాగి ఏడుస్తాడు, నిజంగా కళ్ళనీళ్ళు ధారలు కట్టి ఏడుస్తాడు. పొదుపు చేసి బయటపడాలనుకున్నవాడు మర్నాడు సాయంత్రం వాడంతట వాడే ఆ బల్ల దగ్గరికి నడిచొస్తాడు. అప్పుడు కూడా మేస్త్రీ బలవంతం చెయ్యడు, పాపం కష్టపడ్డావు, మరీ అంత నోరు కట్టుకోకూడదు, కోరిక తీర్చుకునేటప్పుడు సగం సగం తీర్చుకుంటే ఇంకా రెచ్చిపోతుంది అని తండ్రిలా నచ్చజెప్తాడు. ఈ సీన్ చదివినప్పుడు నాకు వాడి మీద కోపం కంటే ముందు ఒక రకమైన భయం వేసింది, ఎందుకంటే వాడు చెప్పేదాంట్లో తప్పు పట్టడానికి ఏం దొరకదు. తర్వాత జీతం అడ్వాన్సు ఇస్తాడు, వచ్చే నెల జీతంలో దాదాపు సగం అక్కడే పోతుంది, అలా నెలకి 45,000 మాత్రమే చేతికి వచ్చేవాళ్ళని 45 బ్యాచ్ అని పిలుస్తారు, పాతాళంలో కూడా ఇంకో పాతాళం అన్నమాట.

పైగా రాత్రిపూట పాచికలాట. గిన్నెలో మూడు పాచికలు వేసే చిన్‌చిరోరిన్, రెండు ఒకే అంకె పడితే మూడోదే మీ పాయింటు, 4-5-6 పడితే రెండింతలు, మూడూ ఒకటే పడితే మూడింతలు, 1-2-3 పడితే మీరే రెండింతలు ఇచ్చుకోవాలి. మేస్త్రీ అసలైన చోట తీసే పాచికల మీద 4, 5, 6 తప్ప వేరే అంకెలే ఉండవు. పాచికని ఏ వైపు నుంచి చూసినా ఒకేసారి మూడు ముఖాలే కనిపిస్తాయి కాబట్టి ఎవడికీ అనుమానం రాదు. లెక్క వేసి చూడండి, 27 రకాలుగా పడొచ్చు, అందులో 3 సార్లు మూడూ ఒకటే, 6 సార్లు 4-5-6, మిగిలిన 18 సార్లూ 4కి తగ్గని పాయింటు, ఓడిపోయే పట్టు అంటూ అందులో లేనే లేదు. ఈ మోసంతో పోగేసిన పెరికాలతోనే వాడు టికెట్లు కొంటాడు. జీతం దాచుకుని కాదు. వ్యాసంలో ప్రశాంతమైన పెద్దాయన అన్నారే, ఆ పెద్దాయన తినే ప్రతి ముద్దలోనూ 45 బ్యాచ్ వాళ్ళ వాటా ఉంది.

ఇక కైజిలోంచి ఈ మేస్త్రీని పట్టుకొచ్చి అల్లిన స్పిన్-ఆఫ్ "హంచో"కి వద్దాం. ఇది రాసింది ఫుకుమోతో కాదు, కథ తెన్సెయ్ హగివర, బొమ్మలు మొతోము ఉయెహర, కజుయ అరయ్, ఫుకుమోతోది సహకారం. మీ వ్యాసంలో మొత్తం ఫుకుమోతో ఖాతాలో వేసేశారు. ఇదే హగివర అంతకు ముందు 2015లో కైజిలోని తొనెగవ అనే ఇంకో విలన్ని పట్టుకుని, పైన ఛైర్మన్‌కీ కింద స్టాఫ్‌కీ మధ్య నలిగిపోయే మేనేజర్‌గా చూపించి ఒక మాంగా రాశాడు, అది బాగా పేలింది, 2018లో యానిమే (కార్టూన్ సీరియల్) కూడా వచ్చింది, అందులోనే మేస్త్రీ ఎపిసోడ్లు కొన్ని కలిపారు. "హంచో" 2016 చివర్లో మొదలైంది.

మొదట్లోనే ఒక కథ ఉంటుంది, నా వాదనంతా దాని మీదే నిలబెడుతున్నాను కాబట్టి కాస్త వివరంగా చెప్తాను. 24 గంటలు చేతికొచ్చిన ఓత్సుకి నేరుగా పెద్ద హోటల్‌కి పరిగెత్తడు. సూటు వేసుకుంటాడు. ఏ కంపెనీలోనూ ఉద్యోగం లేని మనిషి సూటూ టై కట్టుకుని మధ్యాహ్నం లంచ్ టైముకి ఆఫీసులోళ్ళతో కిటకిటలాడే సోబా నూడుల్స్ కొట్టుకి వెళ్తాడు. ఇలాంటి కొట్లు జపాన్‌లో స్టేషన్ల చుట్టుపక్కల ఎక్కువ, చౌక, గబగబా జుర్రుకుని బౌల్ కౌంటర్ మీద పెట్టి పోవడమే, అక్కడ పావుగంట కూర్చున్నా ఎక్కువే. అందరూ వాచీ చూసుకుంటూ నూడుల్స్ లాగుతుంటే మనవాడు తీరుబడిగా బీరు చెప్తాడు. పట్టపగలు. సూటులో. గ్లాసు ఎత్తగానే పక్కవాళ్ళ చేతుల్లో చాప్‌స్టిక్స్ ఆగిపోతాయి, వీడికి మధ్యాహ్నం డ్యూటీ లేదా, ఏ కంపెనీ వీడిది అని చూస్తుంటారు, వాళ్ళ కుళ్ళుని నంజుకుంటూ వీడు బీరు తాగుతాడు. మామూలు బట్టల్లో వచ్చి తాగితే ఎవడో పనిలేనోడు అనుకుని తలకూడా తిప్పరు, సూటు ఉంటేనే వాళ్ళలో ఒకడు అనుకుంటారు, అప్పుడే కుళ్ళు. అంటే ఆ సూటు అక్కడ బట్ట కాదు, మసాలా.

ఇప్పుడు చెప్పండి, ఇది కింద బీరు అమ్మిన బుర్రా కాదా? ఎదుటివాడికి ఏది లేదో, దేనికి లోపల్లోపల చస్తున్నాడో ఒక్క చూపులో పట్టేసే బుర్ర అది. కింద దాంతో వ్యాపారం చేశాడు, పైన దాంతో లంచ్ చేశాడు. స్పిన్-ఆఫ్ అనగానే విలన్‌కి ఒక చిన్నప్పటి కష్టం అంటించి, ఒక కుక్కపిల్లని చేతిలో పెట్టి మంచోణ్ణి చేసేస్తారు కదా, హగివర ఆ పని చెయ్యలేదు. వాడి తెలివి అదే, వాడి స్వార్థం అదే, ఆట బోర్డు మాత్రం మార్చాడు. పాతాళంలో ఆ తెలివి మనుషుల్ని పిండేస్తే, పైన ఒక గిన్నె నూడుల్స్‌ని పండగ చేస్తుంది, చదివేవాడు నవ్వుతూనే ఉంటాడు, ఎక్కడో కొంచెం గిల్లుతూనే ఉంటుంది. వ్యాసం రాసినాయనకి ఆ గిల్లుడు తగల్లేదనుకుంటా.

ఉత్తరం రాసినావిడకి మాత్రం అది బాగానే తగిలింది, అందుకు నాకు గౌరవమే. ఆవిడ అడిగింది న్యాయమైన ప్రశ్నే, వాళ్ళ కష్టం మీద వీడు జల్సా చేస్తుంటే మనం నవ్వాలా అని. నా జవాబు ఏంటంటే, ఆ కష్టపడేవాళ్ళని చూపించి నవ్వమని ఈ మాంగా ఎక్కడా అడగదు, నవ్వు ఎప్పుడూ మేస్త్రీ మీదే, వాడి అతి ప్లానింగ్ మీదే, 24 గంటల్లో ఒక్క నిమిషం వేస్టయినా గిలగిల్లాడిపోయే వాడి పిసినారితనం మీదే. అయితే ఒక విషయంలో ఆవిడ పక్షమే నేను. అసలు కైజి చదవకుండా సూటిగా దీంట్లోకి దిగినవాళ్ళకి ఆ టికెట్ డబ్బు ఎక్కడిదో అంత గట్టిగా తెలీదు, ఈ మాంగా ప్రతి వారం పాచికల గిన్నె తెచ్చి గుర్తుచెయ్యదు, తెలుసులే అనుకుని పోతుంది. తెలిసినవాళ్ళకి అది ఒక పొర, తెలియనివాళ్ళకి ఆ పొరే లేదు. మీ వ్యాసం లాంటివి చెయ్యాల్సిన పని అదే కదండీ.

ఇంకో మనిషి ఉన్నాడు, వ్యాసంలోగానీ ఆవిడ ఉత్తరంలోగానీ ఆయన పేరే ఎత్తలేదు. మియామోతో. కంపెనీ తరఫున నల్లసూటు, నల్లకళ్ళద్దాలు పెట్టుకుని బయటికొచ్చిన అప్పులోళ్ళు పారిపోకుండా కాపలా కాసే ఉద్యోగి. ఆయన డ్యూటీ ఏంటంటే మేస్త్రీ తింటుంటే చూడ్డం. మేస్త్రీకి అది 5 లక్షల పెరికాల రోజు, మియామోతోకి ఇంకో వర్కింగ్ డే. మొదట్లో దూరంగా నిలబడతాడు, తర్వాత ఆకలేస్తుంది, తర్వాత ఎదురుగా కూర్చుంటాడు, పోనుపోను ఇద్దరూ దోస్తుల్లా తిరుగుతుంటారు. బందీకీ కాపలావాడికీ స్నేహం అనగానే కన్నీళ్ళ కథ అనుకుంటాం, ఇక్కడ అదేం లేదు, వాళ్ళ గొడవలన్నీ ఏం తిందాం, ఎంత తిందాం, ఇప్పుడే తింటే రాత్రికి ఆకలి ఉంటుందా అనే. ఈ మియామోతో బాబుని చూసినప్పుడల్లా నాకు ఆ సోబా కొట్టులో వాచీలు చూసుకునేవాళ్ళే గుర్తొస్తారు, నిజంగా సెలవులో ఉన్నది ఎవడ్రా అంటే ఆ ఒక్కరోజుకి కట్టుబానిసే, జీతం రాళ్ళు తీసుకునే ఆఫీసర్ కాదు. కింద గ్యాంగులో ఉండే నుమకవ, ఇసవ అనే ఇద్దరు చెంచాలు కూడా కొన్ని కథల్లో బయటికొస్తారు, వాళ్ళకి మేస్త్రీ అంత నేర్పు ఉండదు, అదో రకం నవ్వు, దాని గురించి ఇక్కడ వద్దులెండి.

జపాన్‌లో తిండి మాంగాలకి కొదవలేదు. సొంత వ్యాపారం చేసుకునే ఒకాయన ఒంటరిగా ఊళ్ళు తిరుగుతూ ఆకలేసినప్పుడు కనిపించిన హోటల్లో తిని వెళ్ళిపోయే "కోదోకు నో గురుమే" 1994లోనే మొదలైంది, కుసుమి రాశాడు, తనిగుచి గీశాడు, తర్వాత 2012 నుంచి టీవీ సీరియల్‌గా కూడా బాగా నడిచింది. ఆయన స్వేచ్ఛగా ఉన్న మనిషి, ఇవాళ వంట బాలేకపోతే రేపు ఇంకోచోట తింటాడు. మేస్త్రీకి రేపు లేదు. అటు చివర ఇంకోటుంది, కజుయిచి హనవ అనే చిత్రకారుడు తుపాకుల కేసులో 3 ఏళ్ళ శిక్ష పడి నిజంగానే జైల్లో ఉండి వచ్చి, జైల్లో ఏ పూట ఏం పెట్టారో గిన్నె గిన్నెకీ గుర్తుపెట్టుకుని గీసిన "కెయ్‌ముషో నో నకా", దాన్ని 2002లో సినిమా కూడా తీశారు. అందులో ఎవరి మీదా కోపం ఉండదు, బాధపడ్డం కూడా పెద్దగా ఉండదు, అన్నం ఎలా ఉందో, కొత్త సంవత్సరానికి ఏం పెట్టారో అనే శ్రద్ధ మాత్రం ఉంటుంది. కాబట్టి బందీకీ తిండికీ ముడిపెట్టి రాయడం చవకబారు పని అంటే నేను ఒప్పుకోను, లోపల పడ్డవాడికి రోజుని రోజులా గుర్తుపెట్టేది కంచమే అని ఆ హనవ పుస్తకం చదివితే తెలుస్తుంది. "హంచో" ఈ రెండిటి మధ్యలో కూర్చుంటుంది, ఒకదాని ఆకలి, ఇంకోదాని హోటళ్ళు.

బొమ్మల గురించి ఒక్క మాట. ఫుకుమోతో గీతలో మొహాలు కత్తితో చెక్కినట్టుంటాయి, ముక్కు ఒక కోణం, గడ్డం ఒక కోణం, ప్రాణం మీదికొచ్చిన పందెంలో పేజీ నిండా "జవ... జవ..." అని గుబులు శబ్దం. ఉయెహర, అరయ్ ఇద్దరూ ఆ గీతని ఎక్కడా తగ్గించకుండా అలాగే దింపారు, కాకపోతే ఇక్కడ ఆ చెమటలూ ఆ జవజవలూ అన్నీ బీరుతో పాటు ఇంకేం చెప్పాలి అనే టెన్షన్‌కి. మామూలు అందమైన గీతతో ఇదే కథ గీసుంటే రెండు వారాల్లో ఆగిపోయేదని నా నమ్మకం.

అన్నీ పొగడ్తలే అనుకోకండి. ఏళ్ళ తరబడి నడుస్తున్న సీరియల్ కదా, పోను పోను పాతాళం వెనక్కిపోయింది. కొన్ని కథల్లో మేస్త్రీ, మియామోతో ఇద్దరు రిటైరైన బాబాయిల్లా ఊరికి పోయి తిని వస్తారు, అంతే, ఆ టికెట్ ఎంత ఖరీదో రాసినవాళ్ళే మర్చిపోయారా అనిపిస్తుంది. వ్యాసం రాసినాయన బహుశా అలాంటి కథలే చదివి ఉంటారు, అవి చదివితే ప్రశాంతంగానే ఉంటుంది మరి. సోబా కొట్టు కథలో ఉన్న ఆ విషపు చుక్క వాటిల్లో లేదు. నాకు అది ఉన్నవే ఇష్టం.

మీకు రెండు విన్నపాలు. ఒకటి, ఈసారి మాంగాల పేజీ వేసినప్పుడు కథ ఎవరిది, బొమ్మ ఎవరిది అని విడివిడిగా వేయండి, హగివర పేరు, ఆ ఇద్దరు చిత్రకారుల పేర్లు సవరణగానైనా ఒక చిన్న ముక్క వేస్తే బావుంటుంది. రెండోది, ఏది ముందు చదవాలి అని అడిగే పాఠకులుంటారు కాబట్టి చెప్పండి, కైజి రెండో భాగం మొదట్లో వచ్చే పాతాళం, పాచికల కథ ముందు చదవమనండి, యానిమేగా చూసేవాళ్ళకైతే అది 2011లో వచ్చిన రెండో సీజన్లో ఉంది. ఆ ఉత్తరం రాసినావిడ అది ఆల్రెడీ చదివే ఉంటారని నా అనుమానం, లేకపోతే అంత కోపం రాదు.

ఇట్లు
మీ పాఠకుడు